విశ్వకిరణాల కథ – 6: తూర్పారబట్టే సూర్యుడు

1929 నవంబర్ 29. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో, ఆపియా రేవులో 'కార్నెగీ' అనే ఓడలోకి పెట్రోలు ఎక్కిస్తున్నారు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని సముద్రాల మీద కొలవడానికని కట్టించిన ఓడ అది. కొలతలు చెడిపోకూడదని ఇనుము దాదాపు వాడకుండా చెక్కతో, ఇత్తడితో, రాగితో చేయించారు. పెట్రోలు ఆవిరికి నిప్పంటుకుంది. కెప్టెన్ జేమ్స్ పెర్సీ ఆల్ట్, ఓడలో పనిచేసే ఒక కుర్రాడు చనిపోయారు. ఇరవై ఏళ్లు సముద్రాలన్నీ తిరిగిన ఓడ ఆ రేవులోనే కాలిపోయింది. ప్రాణాలతో బయటపడినవారిలో 25 ఏళ్ల పరిశీలకుడు స్కాట్ ఫోర్బుష్ ఒకడు.

ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. విశ్వకిరణాల చరిత్రలో హెస్‌కు, ఆండర్సన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఫోర్బుష్‌కు రాలేదు. అయినా ఈ భాగంలో సగం ఆయనకే ఇవ్వాలనిపించింది. నిన్నటి కొలతను ఇవాళ్టి కొలతతో, ఇక్కడి కొలతను అక్కడి కొలతతో ఏళ్ల తరబడి సరిచూస్తూ కూర్చున్న మనిషి సూర్యుడి గురించి ఎంత కనిపెట్టగలడో ఆయన పని చూస్తే తెలుస్తుంది.

గత భాగాల్లో చూశాం: 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, పైకి పోయేకొద్దీ గాలిలో అయనీకరణ పెరుగుతోందని రుజువు చేశాడు. ఆ వికిరణం ఆకాశం నుంచే వస్తోందని తేలింది. తర్వాత డచ్ శాస్త్రజ్ఞుడు యాకబ్ క్లే జావాకూ నెదర్లాండ్స్‌కూ మధ్య ఓడ ప్రయాణంలో మరో సంగతి గమనించాడు. భూమధ్యరేఖ దగ్గరకు వచ్చేసరికి ఆ కిరణాలు తగ్గుతున్నాయి. అంటే ఇవి కాంతిలాంటివి కావు, విద్యుదావేశం ఉన్న కణాలు. భూమి అయస్కాంత క్షేత్రం వీటిలో బలహీనమైనవాటిని మధ్యరేఖ దగ్గర పక్కకు మళ్లించేస్తోంది. ఆర్థర్ కాంప్టన్ 1930లలో ప్రపంచమంతటా కొలిపించి దీన్ని స్థిరపరిచాడు.

స్థలాన్నిబట్టి కిరణాలు మారతాయని అలా తెలిసింది. కాలాన్నిబట్టి మారతాయా అన్నది మాత్రం మిగిలిపోయింది. ఎక్కడో నక్షత్రాల మధ్య నుంచి వచ్చే కణాలకు మన క్యాలెండర్‌తో పనేముంటుందని ఆనాటి శాస్త్రజ్ఞులు చాలామంది అనుకున్నారు.

ఆ అనుమానం తీర్చుకోవాలంటే ఒక్క ప్రయోగం చాలదు. ఏళ్లపాటు ఆగకుండా నడిచే పరికరం కావాలి. కాంప్టన్ తన సహచరులతో కలిసి 1934లో అలాంటిదాన్ని తయారుచేశాడు. 19 లీటర్ల ఉక్కు గోళం, లోపల 50 వాతావరణాల పీడనంతో ఆర్గాన్ వాయువు, చుట్టూ సీసపు కవచం. కణం దూసుకుపోయినప్పుడల్లా లోపల పుట్టే విద్యుత్తు, కదిలే ఫొటో కాగితం మీద గీతగా పడుతుంది. కార్నెగీ సంస్థ ఆ పేటికలను అమెరికాలోని చెల్టెన్‌హామ్, పెరూలోని హువాన్‌కాయో, న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్, గ్రీన్‌లాండ్‌లోని గాడ్‌హావ్న్‌ వంటి చోట్ల పెట్టించింది. వాటినుంచి వచ్చే కాగితపు చుట్టలన్నీ వాషింగ్టన్ చేరేవి. అక్కడ వాటిని చదివే బాధ్యత ఫోర్బుష్‌ది. హువాన్‌కాయో ఆయనకు కొత్త చోటు కాదు. ఆండీస్ పర్వతాల్లో 3,300 మీటర్ల ఎత్తున, అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ పరిశీలనాశాలలో ఓడ ఎక్కకముందే పనిచేశాడు.

గీతను ఉన్నదున్నట్టు నమ్మడానికి వీల్లేదు. గాలి పీడనం పెరిగితే నెత్తిన గాలి బరువు పెరిగి కిరణాలు తగ్గుతాయి. పై వాతావరణం వేడెక్కి ఉబ్బితే, విశ్వకిరణాలు గాలిని ఢీకొని ఎత్తున పుట్టించిన మ్యూయాన్ కణాలు నేలకు చేరడానికి ఎక్కువ దూరం రావాలి, దారిలోనే కొన్ని నశిస్తాయి. అందుకని ఎండాకాలంలో ఒక అంకె, చలికాలంలో ఒక అంకె. పేటిక గోడల్లోనే ఉన్న రేడియోధార్మిక మలినాలు ఏళ్లు గడిచేకొద్దీ క్షీణిస్తూ గీతను కిందికి లాగుతాయి. ఫోర్బుష్ ఇవన్నీ ఒక్కొక్కటిగా లెక్కగట్టి తీసేశాడు. గణాంకశాస్త్రం మీద ఆయనకున్న పట్టు ఆ రోజుల్లో భౌతిక శాస్త్రజ్ఞుల్లో అరుదు. దిద్దిన తర్వాత మిగిలేది ఒక శాతమో రెండు శాతాలో. ఆ కాస్త తేడాలో నిజమెంత, పరికరం లోపమెంత అని విడదీయడమే ఆయన జీవితకాలపు పని.

1937 ఏప్రిల్ చివర్లో, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసే పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. చెల్టెన్‌హామ్‌లోనూ, భూమధ్యరేఖకు అటువైపున్న హువాన్‌కాయోలోనూ ఒకే వేళ కిరణాలు పడిపోయినట్టు ఫోర్బుష్ చూశాడు. వేల కిలోమీటర్ల దూరంలో, వేరే వాతావరణంలో, వేరే ఎత్తులో ఉన్న రెండు పేటికలు కూడబలుక్కుని తప్పు చెప్పవు. గంటల్లో పడిపోయిన తీవ్రత తిరిగి కోలుకోవడానికి రోజులు పట్టింది. నేటికీ దాన్ని 'ఫోర్బుష్ తగ్గుదల' అంటారు. 1942 ఫిబ్రవరి 28, మార్చి 7 తేదీల్లోనూ, 1946 జూలై 25న మళ్లీ ఒకసారీ ఇందుకు విరుద్ధంగా కిరణాలు ఒక్కసారిగా ఎగబాకాయి. సూర్యుడి మీద పెద్ద పేలుళ్లు జరిగినప్పుడు అక్కడినుంచే శక్తిమంతమైన కణాలు వస్తాయని చెప్పిన మొదటి సాక్ష్యం అది. దాని గురించి ఇంకో భాగంలో విడిగా రాస్తాను. ఇప్పుడు మనకు కావలసింది ఇంత హడావిడి లేని సంగతి.

1954లో ఫోర్బుష్ ఒక వ్యాసం ప్రచురించాడు. 1937 నుంచి 1952 వరకు నాలుగు కేంద్రాల రికార్డును ఒకచోట పెట్టి, ఏడాది సగటులు తీసి, వాటిపక్కనే సూర్యుడి మచ్చల లెక్క గీశాడు. ఒక గీత ఎక్కుతుంటే రెండోది దిగుతోంది. 1937లో మచ్చలు ఎక్కువ, కిరణాలు తక్కువ. 1944లో మచ్చలు దాదాపు లేవు, కిరణాలు ఎక్కువ. 1947లో మళ్లీ మచ్చలు నిండాయి, కిరణాలు దిగాయి. సూర్యుడి మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తరుగుతాయని జర్మనీలో ష్వాబే 1843లోనే చెప్పాడు; అది సుమారు పదకొండేళ్లని తర్వాత తేలింది. ఆ లయే నక్షత్రాల మధ్య నుంచి వచ్చే కణాల్లోనూ తలకిందులుగా ఉందని తేలింది. తేడా ఎంత? నాలుగు శాతం. పదహారేళ్ల కాగితపు చుట్టల నుంచి, ఇన్ని దిద్దుబాట్ల తర్వాత, నాలుగు శాతం. విజ్ఞానశాస్త్రంలో ఇంత ఓపికగా సాధించిన అంకెలు నాకు తెలిసి కొన్నే ఉన్నాయి.

నాలుగు శాతమే ఎందుకన్నది అసలు ప్రశ్న. సూర్యుడి ప్రభావమే అంత చిన్నదా, లేక నేలమీద పెట్టిన ఉక్కు పేటిక దాన్ని పూర్తిగా చూడలేకపోతోందా?

సీసం కవచం దాటి పేటికలోకి వచ్చేవి ఎక్కువగా మ్యూయాన్లు. నేలదాకా చేరే మ్యూయాన్లను పుట్టించాలంటే అంతరిక్షం నుంచి వచ్చే అసలు కణానికి సుమారు 1,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అయినా ఉండాలి. అంతకంటే తక్కువ శక్తి ఉన్నవి వాతావరణం పైపొరల్లోనే ఆగిపోతాయి. అంటే ఫోర్బుష్ చూసినది బలిష్ఠులైన కణాలను మాత్రమే. సూర్యుడు ముందుగా దెబ్బతీసేది బలహీనమైనవాటిని. అవి ఆయన పేటికలకు అసలు కనిపించలేదు.

ఆ లోటు తీర్చినవాడు షికాగో విశ్వవిద్యాలయంలోని జాన్ సింప్సన్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు పరిశోధనలో పనిచేసి, యుద్ధం ముగిశాక అణుశక్తిని సైన్యం చేతుల్లోంచి తప్పించాలని పోరాడిన శాస్త్రజ్ఞుల్లో ఆయన ఒకడు. విశ్వకిరణాలు గాలిలోని కేంద్రకాలను పగలగొట్టినప్పుడు న్యూట్రాన్లు చిమ్ముతాయి. తక్కువ శక్తి కణాల వల్ల కూడా అవి బాగానే పుడతాయి. వాటిని పట్టుకుంటే మ్యూయాన్లు చెప్పలేనిది తెలుస్తుందని సింప్సన్ గ్రహించి, 1948లో న్యూట్రాన్ మానిటర్ తయారుచేశాడు. సీసం, పారఫిన్ మైనం, బోరాన్ ట్రైఫ్లోరైడ్ వాయువు నింపిన గొట్టాలు. చూడటానికి ఎంతో సాదా పరికరం. కొలరాడో కొండల్లో 3,400 మీటర్ల ఎత్తున ఉన్న క్లైమాక్స్‌లో 1951లో మొదలైన మానిటర్ అర్ధ శతాబ్దానికి పైగా నడిచింది. హువాన్‌కాయోలో కూడా ఒకటి పెట్టారు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో ఇలాంటివి ప్రపంచమంతా వెలిశాయి. ఫిన్లండ్‌లోని ఔలూలో 1964 నుంచి ఇప్పటిదాకా ఒకటి నడుస్తూనే ఉంది. క్లైమాక్స్ మానిటర్‌లో సౌరచక్రం తేడా నాలుగు శాతం కాదు, సుమారు ఇరవై.

శక్తిలో ఇంకా కిందికి వెళ్లాలంటే ఎత్తుకు పోవాలి. అయస్కాంత క్షేత్రం అడ్డులేని ధ్రువాల దగ్గర, గాలి దాదాపు అయిపోయే ఎత్తుకు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు విక్టర్ నెహర్ అక్కడికే తన పేటికలను బెలూన్లకు కట్టి పంపాడు. ఈయన 1939–40లో మిల్లికాన్, పికరింగ్‌లతో కలిసి మన దేశం వచ్చి, బెంగళూరు, ఆగ్రా, పెషావర్‌ల నుంచి బెలూన్లు ఎగరేసినవాడు. అయస్కాంత మధ్యరేఖ దగ్గర కిరణాలు ఎంత ఉంటాయో తెలుసుకోవడం ఆ యాత్ర ఉద్దేశం. యుద్ధం తర్వాత నెహర్ గ్రీన్‌లాండ్‌లోని తూలే నుంచి పని సాగించాడు. అప్పటిదాకా ఉన్న లెక్క ప్రకారం ఉత్తరానికి పోయేకొద్దీ కిరణాలు పెరిగి, ఒక అక్షాంశం దాటాక పెరగడం ఆగిపోతుంది. తక్కువ శక్తి కణాలు ప్రకృతిలోనే లేవేమో అనుకున్నారు. సూర్యుడు నిద్రపోతున్నట్టున్న 1954లో నెహర్ బెలూన్లు మళ్లీ ఎగిరాయి. 1951లో లేని కణాలు అక్కడ ఉన్నాయి. అవి ప్రకృతిలో లేక కాదు, మూడేళ్ల కిందట వాటిని ఏదో భూమిదాకా రానివ్వలేదు.

ఆ 'ఏదో' ఏమిటి? భూమి చుట్టూ తిరిగే విద్యుత్ వలయం వల్ల తుఫాను సమయంలో మన అయస్కాంత క్షేత్రమే మారి కిరణాలను అడ్డుకుంటోందని కొందరు అన్నారు. సింప్సన్‌కు అది నచ్చలేదు. వేర్వేరు అక్షాంశాల్లోని తన మానిటర్ల అంకెలు అందుకు ఒప్పుకోలేదు. కారణం భూమి దగ్గర కాదు, గ్రహాల మధ్య ఖాళీలో ఉందని ఆయన వాదన. 1960 మార్చిలో పయనీర్-5 వ్యోమనౌక సూర్యుడి చుట్టూ కక్ష్యలోకి బయల్దేరింది. నెలాఖరున ఒక సౌర తుఫాను వచ్చినప్పుడు అది భూమికి 50 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. భూమి అయస్కాంతం ఊసే లేని ఆ చోట కూడా ఫోర్బుష్ తగ్గుదల స్పష్టంగా నమోదైంది. వాదన అక్కడితో ముగిసింది.

ఈలోగా షికాగోలోనే, సింప్సన్ బృందానికి దగ్గరలో ఉన్న ఒక యువకుడు దీనికి సిద్ధాంతం కట్టాడు. యూజీన్ పార్కర్ లెక్క ప్రకారం, లక్షల డిగ్రీల వేడి ఉన్న సూర్యుడి బయటి పొర, కరోనా, ఉన్నచోట నిలకడగా ఉండలేదు. అది సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో నాలుగువైపులా వీస్తూనే ఉండాలి. సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని కూడా తనవెంట ఈడ్చుకుపోవాలి. ఆయన వ్యాసాన్ని ఆస్ట్రోఫిజికల్ జర్నల్ పంపిన ఇద్దరు సమీక్షకులు తోసిపుచ్చారు. పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ సిద్ధాంతం మీద నమ్మకం లేదు. కానీ లెక్కలో తప్పు ఎవరూ చూపలేదు కాబట్టి 1958లో అచ్చువేశాడు. తాను నమ్మనిదాన్ని కూడా లెక్క సరిగా ఉందన్న ఒక్క కారణంతో ముందుకు పోనివ్వడం గొప్ప సంపాదకుడి లక్షణం. 1962లో మెరైనర్-2 శుక్రుడికి వెళ్తూ దారిపొడుగునా ఆ సౌరపవనాన్ని కొలిచింది.

పార్కర్ చెప్పినదాన్ని మన పొలాల్లో చూడవచ్చు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలికి పొట్టు దూరంగా కొట్టుకుపోతుంది, బరువైన గింజ నేరుగా కాళ్ల దగ్గర పడుతుంది. సౌరపవనం లోపలినుంచి బయటికి వీస్తుంటే, విశ్వకిరణాలు బయటినుంచి లోపలికి రావాలి. ఆ గాలిలో అయస్కాంత క్షేత్రం చిక్కులుపడి ఉంటుంది. బలమైన కణం ఆ చిక్కులను పట్టించుకోకుండా దూసుకొస్తుంది. బలహీనమైనది చిక్కు చిక్కుకూ దారితప్పి, గాలితోపాటు వెనక్కి తోసుకుపోతుంది. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో చిక్కులు ఎక్కువ, పేలుళ్లు ఎక్కువ. కాబట్టి మనదాకా వచ్చేవి తక్కువ.

1965లో పార్కర్ దీన్ని ఒక సమీకరణంగా రాశాడు. అందులో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వ్యాకోచించే గాలిలో ఇరుక్కున్న కణం దారి తప్పడమే కాదు, శక్తి కూడా పోగొట్టుకుంటుంది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక ప్రోటాన్ భూమిని చేరేలోగా సుమారు 30 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకుంటే, ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఆ నష్టం 100 కోట్ల దాకా పోతుంది. మన ఉపగ్రహాలు 10 కోట్ల శక్తితో పట్టుకున్న ప్రోటాన్ సౌరమండలం అంచు దగ్గర బయల్దేరినప్పుడు 10 కోట్లది కాదు, ఎన్నో రెట్లు ఎక్కువది. అసలు 10 కోట్ల శక్తితో బయల్దేరినది మనదాకా రానేరాదు. అందుకే ఈ శక్తి దగ్గర సౌరచక్రం తేడా శాతాల్లో ఉండదు. ప్రశాంత కాలానికీ ఉద్ధృత కాలానికీ మధ్య పది రెట్లు మారుతుంది. 1,000 కోట్లు దాటినవాటిలో కొద్దిపాటి తేడా, 10 కోట్ల దగ్గర పది రెట్ల తేడా! ఫోర్బుష్ నాలుగు శాతం రహస్యం ఇదే.

కిరణాల మార్పు మచ్చల మార్పుకంటే నెలల తరబడి వెనకబడుతుంది. అందుకూ కారణం తేలిక. సెకనుకు 400 కిలోమీటర్ల గాలి 1,500 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని నింపాలంటే ఏడాదికి పైనే పడుతుంది. సూర్యుడి స్వభావం మారినా, ఆ మార్పు సౌరమండలం అంచుదాకా పాకేవరకు కణాలకు దాని సంగతి తెలియదు.

దశాబ్దాల రికార్డు పోగయ్యాక ఇంకో విచిత్రం బయటపడింది. 1965లో, 1987లో కిరణాల శిఖరం మొనదేలి ఉంది. 1976లో, 1997లో బల్లపరుపుగా ఉంది. ఒకటి విడిచి ఒకటి. సూర్యుడి ఉత్తర, దక్షిణ అయస్కాంత ధ్రువాలు ప్రతి ఉద్ధృత దశలోనూ తారుమారవుతాయి. పదకొండేళ్ల చక్రం వెనక ఇరవై రెండేళ్ల చక్రం ఉందన్నమాట. ఒక దశలో ప్రోటాన్లు సూర్యుడి ధ్రువాల వైపు నుంచి లోపలికి జారుతాయి. తర్వాతి దశలో మధ్యరేఖ వెంట, అలలుపడ్డ విద్యుత్ పొర మీదుగా వస్తాయి. ఆ పొర కాస్త చెదిరినా దారి మూసుకుపోతుంది, అందుకే మొనదేలిన శిఖరం. అమెరికన్ శాస్త్రజ్ఞుడు జోకిపీ బృందం 1970ల చివర్లోనే దీనికి సిద్ధాంతం కట్టింది. ఇది తెలియాలంటే కనీసం రెండు తరాలు ఒకే పరికరాన్ని ఆగకుండా నడపాలి. ఇలాంటి కేంద్రాలకు డబ్బు ఆపేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ఈ శిఖరాల బొమ్మను ముందు పెట్టాలని నా కోరిక.

ఫోర్బుష్ వాషింగ్టన్‌లో చేస్తున్న పనిలాంటిదే మన దేశంలో ఒక యువకుడు తలకెత్తుకున్నాడు. యుద్ధం వల్ల కేంబ్రిడ్జ్ నుంచి తిరిగివచ్చి, బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర విశ్వకిరణాలను కొలవడం మొదలుపెట్టిన విక్రమ్ సారాభాయ్. ఆయన మొదటి వ్యాసమే విశ్వకిరణాలు కాలంతో ఎలా మారతాయన్నదాని గురించి. 1947లో అహ్మదాబాద్‌లో ఆయన పెట్టిన భౌతిక పరిశోధనశాల కొడైకెనాల్, తిరువనంతపురంలలో కూడా పరికరాలు పెట్టి ఆ మార్పులను వెంటాడింది. సారాభాయ్ అనగానే మనకు రాకెట్లు గుర్తుకొస్తాయి. ఆయనను అంతరిక్షం వైపు తిప్పింది మాత్రం ఈ కిరణాలే.

మన హైదరాబాద్‌కు ఈ కథలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. అది తక్కువ శక్తి కణాలు రాని చోటుగా. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండటంవల్ల అక్కడ నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు దాదాపు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులుండాలి. అంతకు తక్కువవాటిని భూమే వెనక్కి తిప్పేస్తుంది. సౌరచక్రం ఎక్కినా దిగినా అక్కడ తేడా స్వల్పం. దూరపు నక్షత్రాల ఎక్స్ కిరణాలను కొలవాలనుకునేవారికి ఈ నిశ్శబ్దం వరం, ఎందుకంటే పరికరాన్ని గందరగోళపరిచే కణాల రొద తక్కువ. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు ముందు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం నుంచి బెలూన్లు ఎగరేశారు. తర్వాత 1969లో నగరంలోనే శాశ్వత కేంద్రం ఏర్పాటు చేసుకున్నారు. దేశంలోని పెద్ద బెలూన్లు నేటికీ అక్కడినుంచే లేస్తాయి.

1970ల మొదట్లో సూర్యుడు మళ్లీ నెమ్మదించాడు. తక్కువ శక్తి కణాల జాబితాలో లెక్కకు అందనిదొకటి కనిపించింది. 1973లో సింప్సన్ బృందం హీలియంలో ఒక అనూహ్యమైన ఉబ్బు చూసింది. వెంటనే ఫ్రాంక్ మెక్‌డొనాల్డ్ బృందం, ఇతరులు ఆక్సిజన్, నైట్రోజన్‌లలోనూ చూశారు. కార్బన్‌లో లేదు. గెలాక్సీ నుంచి వచ్చే కిరణాల్లో కార్బన్, ఆక్సిజన్ దాదాపు సమానంగా ఉంటాయి, మరి ఇక్కడ ఆక్సిజన్ ఒక్కటే ఎందుకు పెరిగింది? 1974లో ఫిస్క్, కోజ్లోవ్‌స్కీ, రమాటీ ముగ్గురూ జవాబు చెప్పారు. నక్షత్రాల మధ్య తేలే పరమాణువుల్లో విద్యుదావేశం లేనివి అయస్కాంత చిక్కులకు దొరక్కుండా సౌరమండలంలోకి జొరబడతాయి. సూర్యుడి దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఊడుతుంది. ఆవేశం రాగానే సౌరపవనం వాటిని పట్టుకుని అంచుదాకా లాక్కుపోతుంది. అక్కడ వేగం పుంజుకుని తిరిగివస్తాయి. వీటికి 'అసంగత విశ్వకిరణాలు' అని పేరు. సౌరచక్రానికి అన్నిటికంటే ఎక్కువగా లొంగేవి ఇవే. ఉద్ధృత దశలో దాదాపు కనుమరుగవుతాయి.

ఈ సిద్ధాంతం నిజమైతే ఆ ఆక్సిజన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే ఊడి ఉండాలి. గెలాక్సీ కిరణాల్లోలా ఎనిమిదీ ఊడి ఉండకూడదు. దాన్ని పరీక్షించడానికి టాటా ఇన్‌స్టిట్యూట్, అహ్మదాబాద్ పరిశోధనశాల కలిసి 'అనూరాధ' అనే ప్రయోగం తయారుచేశాయి. 1985 ఏప్రిల్ 29న చాలెంజర్ షటిల్‌లో స్పేస్‌ల్యాబ్-3తో అది పైకి వెళ్లింది. కణం దూరిన చోట జాడ మిగిల్చే ప్లాస్టిక్ పలకల దొంతర, కణం వచ్చిన వేళ తెలిసేలా తిరిగే ఏర్పాటు. ఏ వేళకు షటిల్ ఎక్కడుందో చూసి, ఆ చోట భూమి అయస్కాంతం ఎంత ఆవేశమున్నవాటిని రానిస్తుందో లెక్కవేశారు. పెద్ద అయస్కాంతాన్ని నింగికి మోసుకుపోకుండా భూమినే పరికరంగా వాడుకున్న ఆలోచన అది. సౌరచక్రం కిందికి దిగుతున్న ఆ రోజుల్లో పట్టుకున్న తక్కువ శక్తి ఆక్సిజన్ ఒక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నదేనని తేల్చారు. ఈ ప్రయోగానికి మన పుస్తకాల్లో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

ఆ అహ్మదాబాద్ పరిశోధనశాలే ఇప్పుడు సౌరపవన కణాలను కొలిచే యాస్పెక్స్ పరికరాన్ని సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌకకు సమకూర్చింది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆ నౌక మరుసటి జనవరిలో తన చోటు చేరింది. 2024 మేలో రెండు దశాబ్దాల్లోకెల్లా పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది. న్యూట్రాన్ మానిటర్లలో ఫోర్బుష్ తగ్గుదల కనిపించింది. అది కోలుకోకముందే మే 11న సూర్యుడి నుంచి వచ్చిన కణాల జల్లు నేలదాకా చేరింది. ఫోర్బుష్ తొలిసారి గుర్తించిన రెండు రకాల సంఘటనలూ ఒకే వారాంతంలో జరిగాయి.

అంతకు పదిహేనేళ్ల ముందు ఇందుకు విరుద్ధమైన పరిస్థితి. 2008–09లో సూర్యుడు అసాధారణంగా మందగించాడు. వారాల తరబడి మచ్చ లేదు. సౌరపవనం పీడనం తగ్గింది, అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం బలహీనపడింది. 2009 చివరికి విశ్వకిరణాలు అంతరిక్ష యుగంలో ఎన్నడూ లేనంతగా, పాత రికార్డుకంటే సుమారు ఇరవై శాతం ఎక్కువగా నమోదయ్యాయి. అంగారకుడికి మనుషులను పంపాలనుకునేవారికి ఇది బతుకు సమస్య. 2011–12లో అంగారకుడికి వెళ్లిన క్యూరియాసిటీ రోవర్ ప్రయాణమంతా దాని లోపలి పరికరం రోజుకు సగటున 1.8 మిల్లీసీవర్టుల విశ్వకిరణ వికిరణాన్ని కొలిచింది. ఉద్ధృత దశలో వెళ్తే విశ్వకిరణాలు తగ్గుతాయి, కానీ సూర్యుడి పేలుళ్ల ముప్పు పెరుగుతుంది.

విశ్వకిరణాలు మేఘాలను పెంచి భూమిని చల్లబరుస్తాయని, భూతాపానికి అసలు కారణం వీటి తగ్గుదలేనని కొందరు వాదించారు. అణువులు గుమికూడి మేఘ బీజాలవడంలో అయనీకరణకు కొంత పాత్ర ఉందని ప్రయోగాలు చూపాయి. కానీ అర్ధ శతాబ్దపు న్యూట్రాన్ మానిటర్ల రికార్డులో కిరణాలు ఎక్కాయి, దిగాయి, 2009లో శిఖరానికి చేరాయి. భూమి మాత్రం వేడెక్కుతూనే పోయింది. ఈ రికార్డు చూశాక ఆ వాదనను పట్టుకుని వేలాడటం సరికాదు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. సూర్యుడు తూర్పారబట్టకముందు, నక్షత్రాల మధ్య తక్కువ శక్తి కణాలు ఎన్ని ఉన్నాయి? భూమి దగ్గర ఎంత ప్రశాంతమైన ఏడాదిలో కొలిచినా ఇది తెలియదు. సౌరపవనం ఆగేచోటు దాటి వెళ్లాలి.

1977లో బయల్దేరిన వాయేజర్-1 వ్యోమనౌక 2004 డిసెంబర్‌లో సూర్యుడికి 1,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో, సౌరపవనం ఒక్కసారిగా వేగం కోల్పోయే ఆఘాతరేఖను దాటింది. అసంగత కిరణాలు అక్కడే పుడతాయని చాలామంది ఆశించారు. అక్కడ వాటి శిఖరం కనిపించలేదు. అవి ఇంకా లోతుగా వెళ్లేకొద్దీ పెరిగాయి. ఎక్కడ, ఎలా వేగం పుంజుకుంటాయన్న చర్చ దాంతో మళ్లీ తెరుచుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత, 2012 ఆగస్టు 25న, 1,800 కోట్ల కిలోమీటర్ల దూరంలో సౌరమండలం లోపలి తక్కువ శక్తి కణాలు ఒక్కసారిగా కనుమరుగయ్యాయి. అదే సమయంలో గెలాక్సీ కిరణాలు పెరిగి, ఒక మట్టానికి చేరి నిలిచాయి. వాయేజర్ విశ్వకిరణ పరికరాన్ని రూపొందించినవారిలో ఒకడైన ఫ్రాంక్ మెక్‌డొనాల్డ్ ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 31న చనిపోయాడు. ఆయన జీవితమంతా వెతికిన సరిహద్దు అదే.

ఆ సరిహద్దుకు అవతల 30 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులంత తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్లను కూడా వాయేజర్-1 కొలిచింది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి 1 నుంచి 5 కోట్ల శక్తి ఉన్నవి. ఇవి భూమి దగ్గరకు ఏ సౌరచక్రంలోనూ, ఏ రోజునా రావు. నక్షత్రాల మధ్య వాయువును అయనీకరించేవి, హైడ్రోజన్ మేఘాల్లో రసాయన చర్యలను నడిపేవి ముఖ్యంగా ఈ బలహీన కణాలే. గెలాక్సీలోని అతి సామాన్యమైన విశ్వకిరణాన్ని మనుషులు మొదటిసారి చూసింది, హెస్ బెలూన్ ఎగిరిన సరిగ్గా వందేళ్లకు. 2018 నవంబర్ 5న వాయేజర్-2 మరో దిక్కులో దాదాపు అంతే దూరాన బయటపడి, అక్కడా అవే అంకెలను పంపింది.

ఫోర్బుష్ పేటికలు 1930లలో మొదలయ్యాయి. అంతకు ముందరి శతాబ్దాల్లో సూర్యుడు ఎలా ఉన్నాడు? 1645–1715 మధ్య డెబ్బై ఏళ్లు మచ్చలు దాదాపు లేనప్పుడు, ఎన్ని కణాలు భూమిని చేరాయి? విశ్వకిరణాలు గాలిలో పుట్టించే బెరీలియం-10 పరమాణువులు గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో ఏడాదికేడాది పేరుకున్నాయి. విశ్వకిరణాలు పుట్టించే బెరీలియాన్ని వాన నీటిలో తొలిసారి పట్టుకున్నవారిలో బొంబాయి శాస్త్రజ్ఞులున్నారు. వచ్చే భాగంలో ఆ మంచును కరిగించి చదువుదాం.

(సశేషం)